శని ఎవరి చేలో?

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఒకటి ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్, భుజాన కొత్త హ్యాండ్‌బ్యాగు, బుర్రలో లోకాన్ని ఒక్క విద్యాసంవత్సరంలో బాగుచేసేద్దామన్న తొందర. చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్తే వినేవాళ్ళకి అర్థం కాకపోవడమన్నదే ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. (సరిగ్గా చెప్పేవాళ్ళంటే నేనేనని వేరే చెప్పక్కర్లేదు కదా.) ఇన్నేళ్ళు సుద్దముక్కల పొడి పీల్చాక ఇప్పుడు ఆ అమ్మాయి గుర్తొస్తే ముందు సిగ్గేస్తుంది, తర్వాత నవ్వొస్తుంది, ఆ రెండూ అయ్యాక ఆమెను భరించిన ఊరి మీద కృతజ్ఞత ముంచుకొస్తుంది. ముఖ్యంగా ఆ ఊళ్ళో ఒకావిడ మీద. ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు సౌరకుటుంబం సంగతి చెప్పాలి.

మాది నరసరావుపేట. నా మొదటి ఉద్యోగం దుర్గి దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊరి బళ్ళో, అదీ ఏడాది ఒప్పందం మీద. ఊళ్ళోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. వేసవి సెలవులతో ఒప్పందం అయిపోతుంది. మళ్ళీ ఏడాదికి నన్ను ఉంచాలా వద్దా అన్నది మా హెడ్మాస్టరుగారు రాసే కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఆయన్ని ఊరంతా పెద్దసారు అనేవాళ్ళు. ఆయన రాయకపోతే నా గతి నరసరావుపేటలో మా మామయ్య జిరాక్సు షాపు. అక్కడ నాకోసం అప్పటికే ఒక ఎత్తు స్టూలు కొని ఉంచారు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా మామయ్య ఆ స్టూలు గుడ్డతో తుడుస్తూ, "నీదేనమ్మా, తొందరేం లేదు" అనేవాడు. ఆయన ప్రేమగానే అనేవాడు గానీ నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు జలదరించేది.

పెద్దసారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఎవరు ఏ కొత్త ప్రతిపాదన తెచ్చినా పూర్తిగా వినేవాడు. విన్నాక ఒకే ప్రశ్న అడిగేవాడు: "గొడవేం రాదు గదా?" మిరప చేలు కాపు పట్టే రోజుల్లో ఒక గురువారం నన్ను పిలిచి, "అమ్మా, వచ్చే సోమవారం గాక పై సోమవారం, విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక సారు వస్తన్నాడు. ఆరో తరగతికి సౌరకుటుంబం పాఠం నువ్వు చెప్పి చూపించాల. ఆయనకి నచ్చితే నీ కాగితం నేను ధైర్యంగా రాస్తా" అన్నాడు. నచ్చకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. నాకు స్టూలు కనిపించింది.

పుస్తకంలో బొమ్మ చూస్తే గ్రహాలన్నీ మాచర్ల బస్సులో జనంలాగా ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. ఆ బొమ్మ చూసిన పిల్లలకి ఎంత దూరమన్నది ఏం తెలుస్తుంది? ఆదివారం పొద్దుటినుంచి కూర్చుని లెక్కలు కట్టాను. మధ్యాహ్న భోజనం వండే గుండిగ మూత డెబ్భై సెంటీమీటర్ల వెడల్పు. అది సూర్యుడనుకుంటే భూమి కందిగింజంత ఉంటుంది. బుధుడు ఆవగింజ, శుక్రుడు ఇంకో కందిగింజ, కుజుడు పెసరగింజ. గురుడు బత్తాయి, శని ఉల్లిపాయ. పాత పుస్తకాల్లో ఇంద్రుడు, వరుణుడు అని రాసిన ఆ చివరి రెండూ ఉసిరికాయలు. దూరాలు అంగల్లో కొలిస్తే సూర్యుడి నుంచి భూమికి సరిగ్గా నూరు అంగలు వచ్చింది. గురుడు ఐదువందల ఇరవై, శని తొమ్మిదివందల యాభై, చిట్టచివరి వరుణుడు మూడువేలు. బడి గేటు దగ్గర మొదలైన డొంకదారి మిరప చేల మధ్యనుంచి తిన్నగా పక్కూరి పొలిమేర దాకా పోతుంది. సౌరకుటుంబాన్ని ఆ దారి వెంబడే నిలబెడదాం, పిల్లలు నడిచి నేర్చుకుంటారు అన్నాను. పెద్దసారు అంతా విని, గొడవేం రాదు గదా అన్నాడు. కర్రలు పాతితే గొడవేమిటి సార్ అన్నాను.

సోమవారం పిల్లలూ నేనూ కలిసి అంగలు లెక్కపెట్టుకుంటూ, సరుగుడు కర్రలు పాతి వాటికి ఆ గింజలు, కాయలు తగిలించుకుంటూ పోయాం. శని కర్ర వంతు వచ్చేసరికి ట్రాక్టర్ బాబాయ్ బండి ఆపాడు. (ఆ ఊళ్ళో మొదట ట్రాక్టరు కొన్నది ఆయనే. ఇంటిపేరు అందరూ మర్చిపోయారు.) "ఏందమ్మాయ్, సర్వేనా? రోడ్డేమన్నా పడతందా?" అన్నాడు. సర్వే కాదు బాబాయ్, గ్రహాలు అన్నాను. ఆయన ముఖం తేటపడింది. "గ్రహాలైతే ఎన్నైనా పాతుకో. సర్వే అయితేనే మాకు తిప్పలు" అని, దగ్గరుండి మరీ గుంట లోతుగా తవ్వించి వెళ్ళాడు. అంత మంచి మనిషి మర్నాడు పొద్దున్నే మా తరగతి గుమ్మంలో ప్రత్యక్షమవుతాడని నేను అనుకోలేదు. నేను చేసిందల్లా ఆ సాయంత్రం కర్రలకి పేర్లు రాసిన రేకు ముక్కలు కొట్టించడమే.

"టీచరమ్మా, ఒకసారి బయటికి రా" అన్నాడు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "ఎకరన్నర మిరప వేసి ఉన్నా. ఇప్పుడిప్పుడే కాపు పట్టింది. నువ్వు తీసుకొచ్చి నా గట్టు మీద శనిని నిలబెట్టావు. నేన్నీకేం ద్రోహం చేశానమ్మా?"

"అది కర్ర బాబాయ్."

"కర్రని నాకూ తెలుసు. మీద ఏం రాశావో చదువు."

"శని అంటే వట్టి గ్రహం. అక్కడ మట్టి కూడా ఉండదు, అంతా గాలే."

"గాలి సోకుద్దనే గదా నా భయం."

దీనికి ట్రైనింగ్‌లో మాకు జవాబు నేర్పలేదు. ఆయనే నా మీద జాలిపడి రాజీ మార్గం చెప్పాడు. "పోనీ ఒక పని చెయ్యి. గురుణ్ణి ఇటు తెచ్చి నా గట్టు మీద పెట్టి, శనిని గురుడి కాడ పెట్టు. ఆ చేనోడు నాకేం వియ్యంకుడు గాదు." అట్లా కుదరదు బాబాయ్, గురుడు ఐదువందల ఇరవై అంగల దగ్గరే ఉండాలి అన్నాను. "ఎవరు పెట్టిన రూలు?" అన్నాడాయన. ఎవరు పెట్టారో నిజంగానే నాకు తెలియదు. ఆయన వెళ్ళిపోయాడు. ఆ పక్కన గేటు దగ్గర గుండిగ మూత సూర్యుడు తళతళలాడుతున్నాడు. మా వంట పిన్ని కోడి అప్పటికే భూమిని, బుధుణ్ణి మింగేసి శుక్రుడి వైపు నడుస్తోంది. ఇంకో కందిగింజ, ఇంకో ఆవగింజ తెచ్చి ఈసారి జిగురుతో గట్టిగా అంటించాం.

బుధవారం పొద్దున చూస్తే శని తొమ్మిదివందల యాభై దగ్గర లేదు. మూడు చేల అవతల, బోర్ల పెదనాన్న గట్టు మీద ఉంది. (బోర్ల పెదనాన్న ఏడు బోర్లు వేసి ఏడింట్లోనూ దుమ్మే చూసిన మనిషి.) అంతకు ముందురోజే ఆయన నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చి, వరుణుణ్ణి అంత దూరం పెట్టావేందమ్మా, పక్కూరోళ్ళకి కాలవ నీళ్ళు ఉండనే ఉన్నయ్యి, కాస్త ఇటు జరుపు అని అడిగి వెళ్ళాడు. వరుణుణ్ణి అడిగితే శని వచ్చిందాయనకి. పాపం పెద్దమనిషి గొడవ పెట్టుకోలేదు, గుట్టుగా పీకి తన పక్క చేలో పాతాడు. ఆ పక్క చేనతను అంతకన్నా గుట్టుగా పీకి ఇంకొంచెం అవతల పాతాడు. గురువారం మధ్యాహ్నానికి శని ఇంద్రుణ్ణి దాటేసింది. ముప్ఫై ఏళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టివచ్చే నిదానమైన గ్రహం అని నేను పిల్లలకి చెప్పిన శని, మూడు రోజుల్లో ఊరంతా చుట్టేస్తోంది. గురుడు మాత్రం అంగుళం కదల్లేదు. ఆ చేను ఆసామి కర్రకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎవడన్నా పట్టుకుపోతాడేమోనని ఇనప తీగతో కంచెకి కట్టేసుకున్నాడు.

శుక్రవారం ప్రార్థన అయ్యే వేళకి పక్కూరి మనిషి ఒకతను బైకు మీద శనిని అడ్డంగా పెట్టుకుని వచ్చాడు. "ఇది మీ బడిదేనంట గదండీ. మా పొలిమేరలో ఉంది. ఎవరిది వాళ్ళకి అప్పజెప్పడం మంచిదని తెచ్చా" అని మర్యాదగా చెప్పి, మంచినీళ్ళు తాగి, కర్రని గేటుకి ఆనించి వెళ్ళిపోయాడు. గేటు దగ్గరే సూర్యుడు. అంటే ఆ క్షణాన మా సౌరకుటుంబంలో సూర్యుడికి అందరికన్నా దగ్గరగా ఉన్న గ్రహం శని. వరసలో నిలబడ్డ ఆరో తరగతి పిల్లలు అది గమనించి నా వైపు చూశారు. నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు.

"గొడవేం రాదన్నావు గదమ్మా" అన్నాడు ఆఫీసు గదిలో, మెల్లగానే. "సోమవారానికి శని దాని చోట లేకపోతే పాఠం లేదు. పాఠమే లేకపోతే నీ కాగితంలో నేనేం రాయను? అట్టాగని ఎవరి చేలోనన్నా బలవంతాన పాతామంటే, రేపు పిల్లల్ని బళ్ళోంచి తీసి ప్రైవేటు స్కూలు వ్యానెక్కిస్తారు. ఎవరో ఒకర్ని నువ్వే ఒప్పించుకోవాల." ఒప్పించడమే కదా, ఎంతలో పని అనుకున్నాను. ఆ మధ్యాహ్నం కర్ర భుజాన వేసుకుని డొంకదారిలో తొమ్మిదివందల యాభయ్యో అంగ దగ్గర నిలబడ్డాను. పొలం పనులు ఆపి అన్నాలు తింటున్నవాళ్ళంతా చేతులు కడుక్కుని వచ్చారు. నలభై నిమిషాలు మాట్లాడాను. శని చుట్టూ ఉన్న వలయాల గురించి, చందమామల గురించి, శనిలో మన భూములు ఎన్ని పడతాయన్నదాని గురించి, మూఢనమ్మకాలు దేశాన్ని ఎట్లా వెనక్కి లాగుతున్నాయన్నదాని గురించి. ఒక్కరు కదల్లేదు, ఒక్కరు దగ్గలేదు. ముగించాక ట్రాక్టర్ బాబాయ్ కండువాతో ముఖం తుడుచుకుని, "చానా బాగా చెప్పావమ్మా, మనసుకి పట్టింది. కర్ర మాత్రం నా గట్టు మీద వద్దు" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపి ఎవరి చేలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను, నా శని మిగిలాం. అప్పుడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చి ఆగింది. ఊళ్ళో అందరూ రాళ్ళచేను అత్త అంటారని తర్వాత తెలిసింది. యాభై దాటి ఉంటాయి, ఎండకి కాగిన సన్నటి మనిషి. నా ఉపన్యాసంలో చివరి ముక్క విన్నట్టుంది. "ఏమే అమ్మాయ్, ఆ కర్ర ఏడ పాతాల?" అంది.

"ఇక్కడే అత్తా. తొమ్మిదివందల యాభై అంగలు."

"దారికి ఇటు పక్కే ఉండాల్నా, అటు పక్కయినా పర్లేదా?"

అటు పక్కకి చూశాను. రాళ్ళు కుప్పలుగా పోసి ఉన్న మెరక, మధ్యమధ్య పచ్చగా ఏదో ఉంది. నేను దాన్ని బంజరనుకున్నాను. "అటు పక్క చేను లేదు కదత్తా" అన్నాను.

"ఉంది. అది నా చేనే."

"అది చేనా?" అనేశాను, నోరు జారి.

"చేనే. చూస్తే అట్టా కనపడదు" అందావిడ, ఏమాత్రం నొచ్చుకోకుండా. "పాతు. ఇన్నేళ్ళబట్టీ రాళ్ళే ఏరుకుంటున్నా, ఇంక శనొచ్చి కొత్తగా నన్ను చేసేదేముంది? దానికో అడ్డకర్ర కట్టు, కాస్త పొడుగ్గా. పిట్టలు వాల్తయ్యి, పురుగుల్ని ఏరుకు తింటయ్యి." గడ్డిమోపు దించి ఆవిడే గుంట తవ్వింది. నేను థాంక్స్ అంటే, మట్టి తొక్కు ముందు, కర్ర ఊగుతంది అంది. నలభై నిమిషాల్లో నేను చేయలేని పని ఆవిడ గునపంతో నాలుగు పోట్లలో చేసేసింది.

ఇక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. కానీ శనివారం సాయంత్రం బడి అయ్యాక, కర్ర ఉందో లేదో చూసొద్దామని వెళ్ళాను. కర్ర ఉంది. దాని చుట్టూ మిరప మొక్కలు మాత్రం అధ్వాన్నంగా ఉన్నాయి. ఆకులు పడవల్లాగా పైకి ముడుచుకుపోయి, పూత రాలిపోయి ఉంది. అది ముడత తెగులని, పురుగు వల్ల వస్తుందని నాకు తెలుసు, పిల్లలకి నేనే నోట్సు చెప్పాను. అయినా కాళ్ళకి చదువు రాలేదు కదా, అవి నన్ను తిన్నగా ఊరి చివర ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయాయి. శనివారం గుడికి ఎందుకు పోతారో నాకు తెలియనట్టే నటించుకుంటూ నువ్వుల నూనె దీపం పెట్టి, పదకొండు ప్రదక్షిణాలు మొక్కుకుని తిరగడం మొదలుపెట్టాను. నిన్న మధ్యాహ్నమే కదా మూఢనమ్మకాలు దేశాన్ని వెనక్కి లాగుతున్నాయన్నాను. ఆ వెనక్కి పోతున్న దేశంలో ముందు వరసలో నేనే ఉన్నాను. ఎనిమిదో ప్రదక్షిణం తిరిగి వస్తుండగా గుడి మెట్ల దగ్గర గడ్డిమోపు కనిపించింది, దాని కింద రాళ్ళచేను అత్త.

"ఏంది, ఏకంగా ప్రదక్షిణాలే చేస్తన్నావు? పరీక్షలేమన్నా రాశావా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, రాలేదు. "నీ చేనుకి ముడతొచ్చింది అత్తా. నా కర్ర పాతబట్టే..." అని ఏడ్చేశాను. ఆవిడ చేను పోయిందన్న ఏడుపు సగం, ఇంక జిరాక్సు షాపే దిక్కన్న ఏడుపు సగం. ఏది ఎక్కువో ఇప్పుడు కూడా కచ్చితంగా చెప్పలేను.

ఆవిడ గడ్డిమోపు దించింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "కర్ర నిన్న పాతావు. ముడత వచ్చి పది రోజులైంది. దా" అని నా చెయ్యి పట్టుకుని డొంకదారిన నడిపించుకుపోయి, తన చేనుకి ఎదురుగా ఉన్న ట్రాక్టర్ బాబాయ్ చేలో నిలబెట్టింది. ఒక మొక్క వంచి చూపించింది. "దీనికి ముడతుందా?"

"ఉంది."

"ఈడ శని ఉందా?"

"లేదు."

"మరి?"

ఆ ఒక్క మాటకి నా రెండేళ్ళ ట్రైనింగు తల దించుకుంది. పరిశీలన, పరికల్పన, పోల్చి చూడటం అంటూ నోట్సులు నోట్సులు రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఎదుటి చేను చూడాలని మాత్రం తట్టలేదు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ మళ్ళీ అంది: "సరే, చీకటి పడకముందే పో. మిగిలిన మూడు ప్రదక్షిణాలూ చేసెయ్యి. దేవుడి కాడ మొదలుపెట్టి సగంలో వదలగూడదు." పోయి చేశాను.

సోమవారం ఆఫీసు సారు వచ్చాడు. కళ్ళద్దాలు, మెరిసే బూట్లు, చేతిలో ఫైలు, మంచి మనిషే. పిల్లలు గట్టిగా అంగలు లెక్కపెడుతూ ముందు నడిచారు. కందిగింజ దగ్గర ఆయన వంగి చూసి, ఇదా మన భూమి అని సంబరపడ్డాడు. గురుడి దగ్గర పసుపు కుంకుమ చూసి అనుకోకుండానే చేతులు జోడించాడు. వెనక ఊరు సగం నడుస్తోంది, ట్రాక్టర్ బాబాయ్, బోర్ల పెదనాన్న అందరూ ఉన్నారు. తొమ్మిదివందలు అని పిల్లలు అరిచిన చోట సారు ఆగిపోయాడు. "ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది కదమ్మా. ఇక్కడే నిలబడి చెప్పేయండి" అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పెద్దసారు నా చెవి దగ్గరికి వచ్చి, "ఉంగరం చూడు, నీలం. సారుకి ఏల్నాటి శని నడుస్తందంట" అన్నాడు. పిల్లలు ఇంకా యాభై అంగలున్నాయి టీచర్ అని నన్ను గుంజుతున్నారు. వెనక రైతులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారు. అంత చదువుకున్న సారే ముందుకు అడుగు వేయకపోతే ఇంక నేను ఏ పాఠం చెప్పినా ఒకటే. ఉపన్యాసానికి నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి నాకు మాట రాలేదు.

రాళ్ళచేనులో కలుపు తీస్తున్న అత్త లేచి నిలబడింది. చేతులు చీరకి తుడుచుకుంటూ గట్టు దాకా వచ్చింది. "ఏం సారూ, ఆడనే ఆగారు?" అంది.

"ఏం లేదమ్మా, ఎండగా ఉంది" అన్నాడాయన. (పొద్దున తొమ్మిదిన్నర. చలికాలం.)

"బడి కాడ పిల్లలు కందిగింజ అంటించారు చూశారు గదా. అది మన భూమంట. ఇన్ని ఊళ్ళు, ఇంత కృష్ణానది, మీ ఆఫీసు, అన్నీ అందులోనేనంట. మరి అందులో నా చేను ఏడుంటది? ఈడ నిలబడి చూస్తే నాకు ఆ గింజే కనపట్టంలా. ఇంక ఈ శనికి నా చేను కనపడుద్దా, మీరు కనపడతారా?"

సారు వెనక్కి తిరిగి బడి వైపు చూశాడు. బడి కప్పు కనిపిస్తోంది, గేటు దగ్గర గుండిగ మూత బొట్టుబిళ్ళంత మెరుస్తోంది, కందిగింజ మాట ఇంక చెప్పేదేముంది. చాలాసేపు అటే చూసి, "ఈ మాట మీకు టీచరుగారు చెప్పారా?" అని అడిగాడు. అవునంటే బాగుండునని నా మనసులో ఒక దిక్కుమాలిన ఆశ కదిలింది. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసింది. శనివారం గుడి సంగతి ఆ చూపులో ఉంది.

"ఆయమ్మ చానా చెప్పింది లెండి" అంది అత్త. "ఇది మాత్రం ఎవరూ చెప్పలా. కందిగింజ దగ్గర్నించి నడిచొచ్చా."

సారు ఫైలు చంకలో పెట్టుకుని నడిచాడు. పిల్లలు తొమ్మిదివందల ఒకటి నుంచి మళ్ళీ అందుకున్నారు. తొమ్మిదివందల యాభై దగ్గర ఆయన కర్రని చేత్తో పట్టుకుని, ఉల్లిపాయని తేరిపార చూసి, పిల్లల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. పిల్లలు టకటకా చెప్పారు. వెనకనుంచి ట్రాక్టర్ బాబాయ్ కూడా వచ్చి కర్రని తాకి చూశాడు, ఎందుకైనా మంచిదని ఒక్క వేలితోనే. ఇంద్రుడి దాకా అందరం నడిచాం. వరుణుడి దాకా మాత్రం సారు బైకెక్కాడు.

ఆయన రిజిస్టరులో నా బోధన గురించి ఒక పేజీ మెచ్చుకుంటూ రాసి వెళ్ళాడు. సాయంత్రం నేను పెద్దసారు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆ మాట నాది కాదని, నేను గుడి చుట్టూ తిరిగానని, ఆ కాగితం రాయాల్సింది నాకు కాదని. ఆయన విని, "గుడి సంగతి రాయడానికి రిజిస్టరులో గడి లేదమ్మా" అన్నాడు. తర్వాత, "ఆవిడ ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆ దారినే పోతంది. కందిగింజ మాత్రం నువ్వే అంటించావు" అని కాగితం తీసి, నా ముందే రాశాడు. జిరాక్సు షాపు స్టూలు మా మామయ్య కొడుక్కి పోయింది. అత్తకి కృతజ్ఞతలు చెప్పుకుందామని స్వీట్ల డబ్బా పట్టుకుని చేనుకి వెళితే, ఆవిడ డబ్బా అందుకుని గట్టు మీద పెట్టి, నా చేతికి కొడవలి ఇచ్చి, మాటలు చెబుతూనే కలుపు తియ్యి అంది. తీశాను. ఆ యేడు ఆవిడ చేను కూడా అందరి చేలలాగే సగానికి సగం పండింది, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ లెక్క కూడా ఆవిడే వేసి నాకు చెప్పింది. నా రహస్యం మాత్రం ఆవిడ ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు నేనే చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు నేను గురజాల దగ్గర ఒక హైస్కూల్లో పర్మనెంటు టీచర్ని. ఏటా ఆరో తరగతిని సౌరకుటుంబం వెంబడి నడిపిస్తాను. గింజ అంటించి, ఎన్ని అంగలో చెప్పి, ఆ తర్వాత నోరు మూసుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే. ఏదో ఒకటి చెప్పాలని నాలుక దురద పెడుతూనే ఉంటుంది. పిల్లలు రొప్పుకుంటూ నడుస్తారు, ఐదువందలు దాటాక వెనక్కి తిరిగి చూస్తారు, ఆ చూడటంలో వాళ్ళ ముఖాలు మారడం నేను పక్కనుంచి చూస్తాను. అప్పుడప్పుడు ఆ డొంకదారిలో కర్ర పట్టుకుని నిలబడి, అన్నాలు మధ్యలో వదిలేసి వచ్చిన మనుషులకి నలభై నిమిషాలు దంచిన ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి కళ్ళముందు కదులుతుంది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేసి, ఇంక ఊరుకోవే, వాళ్ళు నడుస్తారు, నడవనీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నా మాట వినదు, దాని పొగరు నాకు తెలుసు. అది వినేది ఒక్కరి మాటే. ఆ ఒక్కరూ ఆ వేళకి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆ దారినే రాబట్టి, నేను ఇవాళ టీచర్నయ్యాను.